కింద తాటాకు, పైన వల

ఏటా ఎండాకాలం చివర్లో నా భార్య మా పెరటికి ఒక పటం గీసేది. చింపిన క్యాలెండరు కాగితాన్ని వెనక్కి తిప్పి, నా స్కేలూ పెన్సిలూ తీసుకుని, వంటింటి గడప మీద కూర్చునేది. పెరడు పెద్దదేమీ కాదు. మూడు మళ్ళు, ఒక చిక్కుడు పందిరి, కోళ్ళ గూడు, ఎరువు గుంట, బావి. అంత చిన్న చోటికి పటం ఎందుకని నవ్వేవాణ్ణి. ఆమె తన పాటికి గీసుకునేది. గీయడం అయ్యాక కాగితాన్ని వంటింటి తలుపు వెనక మేకుకు గుచ్చేది.

అవి ఎనభైల చివరి సంవత్సరాలు. నేను బాపట్లలో హైస్కూలు పిల్లలకు తెలుగు చెప్పేవాణ్ణి. అంతకుముందు ఆరేళ్ళు తెనాలి పక్కన అంగలకుదురులో ఉన్నాం. అక్కడ నల్లరేగడి. గింజ పడితే చాలు, మొలిచేది. బాపట్లలో ఇసుక. పోసిన నీళ్ళు పోసినట్టే కిందికి దిగిపోయేవి. బదిలీ మీద వచ్చిన మొదటి ఏడాది ఆమె నాటినవన్నీ ఎండిపోయాయి. రెండో ఏడాది కాలవలో పూడిక తీస్తుంటే ఆ ఒండ్రు రెండు బళ్ళు తోలించుకుంది. ఆ వారమే నాలుగు నాటు పెట్టల్ని, ఒక పుంజును కొంది.

కోళ్ళూ కూరగాయలూ ఒకే పెరట్లో ఇమడవని నా అభిప్రాయం.

“ఇవుంటే ఒక్క ఆకు మిగలదు,” అన్నాను.

“ఇవి లేకపోతే మీ బాపట్ల ఇసకలో ఆ ఒక్క ఆకూ మొలవదండీ.”

“దడి దూకుతాయి.”

“లోపల పనుంటే బయటికెందుకొస్తాయి? మీరు బడికి వెళ్ళిరండి, టైమవుతుంది.”

ఆమె పద్ధతి ఇది. మూడు మళ్ళలో ఒకటి ఎప్పుడూ కోళ్ళది. పంట తీసేసిన మడి చుట్టూ తాటాకు దడి నిలబెట్టి వాటిని లోపలికి వదిలేది. పురుగుల్నీ కలుపు గింజల్నీ అవి ఏరుకుతినేవి, నేలను గీరేవి, రెట్ట వేసేవి. రెండు నెలలయ్యాక ఆ మడిలో విత్తనం వేసి, దడిని ఖాళీ అయిన ఇంకో మడికి మార్చేది. గూట్లో రాత్రిళ్ళు పడిన రెట్టను మాత్రం గుంటలో వేసి, బూడిద చల్లి, ఎండుటాకులు కప్పి మాగనిచ్చేది. పచ్చిది వేస్తే మొక్క మాడిపోతుంది. ఏ నెలలో కోళ్ళు ఏ మడిలో ఉండాలో, ఏ మడిలో ఏం వేయాలో ఆ క్యాలెండరు కాగితం మీద ఉండేది.

మాది లూథరన్ కుటుంబం. కోతలయ్యాక మా గుడిలో కోతపండుగ చేస్తారు. ఎవరింట్లో పండింది వాళ్ళు తెచ్చి బలిపీఠం ముందు పెడతారు. వడ్లు, గుమ్మడికాయలు, గుడ్లు, కోళ్ళు. ఆరాధన అయ్యాక వాటిని ఆవరణలో వేలం వేస్తారు. నా భార్య ఏటా ఒక పెట్టనూ, ఒక బుట్టెడు చిక్కుడుకాయలనూ ఇచ్చేది. బుట్ట మోసుకెళ్ళడం నా వంతు. అంతకుమించి నాకేమీ తెలియదు.

ఒక జూన్ నెలలో ఆమెకు కామెర్లు వచ్చాయి. ముదిరాక గుంటూరు తీసుకెళ్ళాం. ఆస్పత్రిలో పదకొండు రోజులుంది. తొమ్మిదో రోజు సాయంత్రం కాస్త తెలివిగా మాట్లాడింది.

“ఏవండీ, కోతపండక్కి గుడికి ఇవ్వాల్సినవి ఇచ్చెయ్యండి.”

“నువ్వే ఇద్దువుగాని.”

“నేనున్నా లేకపోయినా. పెట్టా, చిక్కుడుకాయలూ. పెట్టను అప్పుడే మొక్కేసుకున్నాను.”

“సరేలే, పడుకో.”

ఏ పెట్ట అని నేను అడగలేదు. అడిగితే ఆమె ఉండదని ఒప్పుకున్నట్టవుతుందని అనుకున్నాను.

సమాధి కార్యక్రమం అయ్యాక వారానికి ఇంట్లో ఆదరణ కూడిక, ప్రార్థనా భోజనాలూ, పెట్టారు. మా అక్క తెనాలి నుంచి వచ్చి పనులన్నీ తన మీద వేసుకుంది. మా అత్తగారు కొన్నాళ్ళు నా దగ్గర ఉండటానికి తన పెట్టె తెచ్చుకుంటానని రేపల్లె వెళ్ళింది. కూడిక రోజు పొద్దున అక్క పెరట్లోకి వెళ్ళి వచ్చింది.

“ఒరేయ్, నలభై మంది దాకా వస్తారు. ఇంట్లో ఇన్ని కోళ్ళు పెట్టుకుని బజార్నుంచి మాంసం తెప్పించడమెందుకు? కోయించేదా?”

“నీ ఇష్టం.”

“ఒకటి గుడ్లు పొదుగుతోంది. దాన్నొదిలేస్తాలే. పుంజు కూడా ఉండనీ.”

“సరే,” అన్నాను. ఆ రోజుల్లో ఎవరేమడిగినా సరే అనే అన్నాను.

మా అత్తగారు పన్నెండు గంటల బస్సుకు వచ్చింది. కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళి, బావి పక్కన కోడి ఈకల కుప్ప చూసింది. వంగి అందులోంచి ఏదో తీసింది. వేలెడు పొడుగున్న నీలం గుడ్డ పీలిక. నా భార్య పాత చీర అంచు. దాన్ని పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

“అల్లుడుగారూ, ఈ పీలిక కట్టిన పెట్టేదండీ?”

నేను వంటపొయ్యి వైపు చూశాను. ఆమె కూడా చూసింది.

“ఎవర్నడిగి కోయించారు?”

“నన్నడిగే.”

“అది గుడికి మొక్కుకున్న పెట్టండీ. మొక్కుకుంటే కాలికి పీలిక కడతాం. అమ్మకూడదు, కోయకూడదు. దాని గుడ్డు కూడా మనం తినకూడదు. మా అమ్మాయి మీకు చెప్పలేదా?”

“చెప్పింది. నేను అడగలేదు.”

ఆ జవాబుకు అర్థమేమిటని ఆమె నిలదీయలేదు. అక్క ఏడవడం మొదలుపెట్టింది. “నాకేం తెలుసండీ పెద్దమ్మా, కాలికేదో చుట్టుకుందనుకున్నాను,” అంది. కూడిక జరిగింది. పాస్టరు గారు మాట్లాడారు. అందరూ భోంచేశారు. నేనూ తిన్నాను. మా అత్తగారు చారన్నం తింది.

మర్నాడు పొద్దున్నే ఆమె నన్ను గూటి దగ్గరికి పిలిచింది. పొదిగే పెట్ట పొడుస్తున్నా లెక్కచేయకుండా కింద చెయ్యి పెట్టి గుడ్లు ఒక్కొక్కటే తీసి చూసింది. మొత్తం పదకొండు. మూడింటి మీద బొగ్గుతో గీసిన గీత ఉంది.

“ఇవి దాని గుడ్లు. అనుకున్నాను. ఆ పెట్ట గుడ్లు ఇంట్లో తినకుండా దీని కింద పెట్టింది. గుర్తు పెట్టుకుంది చూడండి.”

“అయితే?”

“అయితే ఏంటండీ? పిల్లలవుతాయి. ఆడపిల్ల ఒక్కటి పడితే చాలు. కోతపండక్కి ఆరు నెలలుంది, పెట్టవుతుంది. అదే ఇద్దాం.”

“తల్లికి బదులు పిల్లనిస్తే చెల్లుతుందా?”

“ఆ సంగతి దేవుడు చూసుకుంటాడు. మీరు పిల్లి సంగతి చూడండి.”

ఆ ఆరు నెలలు నేను చేసిన పని అదొక్కటే అని చెప్పవచ్చు. బడికి వెళ్ళేవాణ్ణి, పాఠం చెప్పేవాణ్ణి, వచ్చేవాణ్ణి. ఏం చెప్పానో గుర్తులేదు. పెరడు మాత్రం గుర్తుంది.

మూడు గుడ్లలో రెండు పిల్లలయ్యాయి. మిగతావాటిలోంచి ఆరు వచ్చాయి. అన్నీ ఒకేలా ఉన్నాయి. లేత కాళ్ళకు పీలిక కట్టకూడదని, బిగుసుకుంటే కాలు పోతుందని అత్తగారు చెప్పింది. పేపర్లు దిద్దే ఎర్రసిరా తెచ్చి ఆ రెండింటి వీపుల మీద చుక్క పెట్టాను. వారానికోసారి మళ్ళీ పెట్టేవాణ్ణి.

చిక్కుడు విత్తనాలు గాజు సీసాలో బూడిద కలిపి దాచి ఉన్నాయి. అంగలకుదురు నుంచి ఏటా దాచుకుంటూ వచ్చిన విత్తనం. లెక్కపెడితే పద్నాలుగు.

“అన్నీ వెయ్యకండి. నాలుగుంచండి,” అంది అత్తగారు. ఆ నాలుగూ కొంగున ముడేసుకుంది.

తలుపు వెనక ఆ ఏటి పటం ఉంది. ఆస్పత్రికి వెళ్ళేముందే గీసి గుచ్చింది. గీతలు చూశాను. పందిరి పక్క మడిలో చిక్కుడు, రెండో మడిలో వంగ, మూడోది కోళ్ళది. చిక్కుడు మడి చుట్టూ అడ్డగీతలు గీసి ‘వల’ అని రాసింది. పాత వల చివికిపోయింది. గీతల పక్కన చిన్న అక్షరాల్లో ఇంకేదో రాసి ఉంది. ఆ అక్షరాలను దగ్గరగా చూడాలనిపించలేదు. వల అన్న మాట దొరికింది, అది చాలనుకున్నాను.

ఆదివారం గుడి అయ్యాక బస్సెక్కి చీరాల వెళ్ళి, అక్కణ్ణుంచి రామాపురం వెళ్ళాను. సముద్రం ఒడ్డున ఒకామె చేపలు ఎండబెడుతోంది.

“పాత వల ముక్క ఏదన్నా ఉంటే ఇస్తావా అమ్మా?”

“ఏ ఊరయ్యా నీది?”

“బాపట్ల.”

“బాపట్ల బజార్లో ఏం చేపలు పడతావు?”

“కోళ్ళకమ్మా.”

ఆమె పక్కనున్నవాళ్ళ వైపు తిరిగింది. “ఇన్నారంటే? ఈ అయ్యోరు వలేసి కోళ్ళని పడతాడంట!” వాళ్ళంతా నవ్వారు.

“మొక్కల్లోకి రాకుండా చుట్టూ కట్టడానికి.”

“ఆఁ, అట్టా చెప్పు. రెండేళ్ళ నాడు ఒకామె ఇట్టానే వచ్చింది, బాపట్ల నుంచే. కోళ్ళకే అంది. బేరమాడి బేరమాడి నా పేణం తీసింది. సన్నంగా, పొడుగ్గా ఉంటది. మీ మనిషేనా?”

“అవును.”

“బాగుందా?”

“బాగుంది,” అన్నాను.

ఆమె లోపలికెళ్ళి రెండు బారల వల తెచ్చి నా చేతి సంచిలో కుక్కింది. డబ్బు తీయబోతే వద్దంది. “ఆమెకి చెప్పు, ఈపాలి ఊరికే ఇచ్చానని. బేరం లేదని చెప్పు.”

చెబుతానన్నాను. బస్సులో సంచి ఉప్పువాసన వేసింది.

మర్నాడు నాలుగు కర్రలు పాతి, వలను పైనుంచి నేల దాకా దింపి, కింద ఇటుకలు పెట్టాను. చూడటానికి బాగానే ఉంది. పది విత్తనాలూ నాటాను. ఎనిమిదో రోజుకు ఆరు మొలిచాయి. తల్లికోడి రెండుసార్లు వచ్చి, వల దగ్గర ఆగి వెనక్కి పోయింది.

పదో రోజు పొద్దున పళ్ళు తోముకుంటూ వెళ్ళి చూశాను. నేలకు తగిలిన చోట వల కన్నంలో ఒక పిల్ల తల ఇరుక్కుని ఉంది. లాక్కుని లాక్కుని చచ్చిపోయింది. వీపు మీద ఎర్రచుక్క ఉంది. మిగతా ఏడూ తల్లి వెంట తిరుగుతున్నాయి.

అత్తగారు వచ్చి చూసింది. పిల్లను విడదీసి చేతిలో పెట్టుకుని లోపలికి నడిచింది. తలుపు వెనక కాగితం ముందు నిలబడింది. ఆమెకు చదవడం రాదు.

“ఇందులో ఏం రాసిందో చదవండి.”

“ఏ మడిలో ఏం వెయ్యాలో రాసింది.”

“మొత్తం చదవండి. ఆ పక్కనున్న సన్నక్షరాలు కూడా.”

చదివాను. ‘కింద జానెడున్నర తాటాకు. పైన వల. పిల్లలున్నప్పుడు వల నేలకు తగలనివ్వకూడదు.’

ఆమె చేతిలోని పిల్లను చూసి, నా వైపు తిరిగింది.

“బీరువాలో అన్నన్ని పుస్తకాలు పెట్టుకున్నారు,” అంది. “తలుపు మీదున్న కాగితం చదవలేకపోయారా?”

ఆ మాట ఆమె కోపంగా అనలేదు. నిజంగానే అడిగింది. పిల్లను పందిరి అవతల పాతిపెట్టి, సైకిలు మీద వెళ్ళి తాటాకులు తెచ్చాను. ఇద్దరం కలిసి ఆ మధ్యాహ్నం వలను పైకి చుట్టి, కింద ఆకు కట్టాం. ఆ తర్వాత రోజూ బడికి వెళ్ళేముందు ఆ కాగితం చదివేవాణ్ణి. అందులో అన్నీ ఉన్నాయి. వంగ నాటాక ఇరవై రోజులదాకా కోళ్ళను పక్క మడిలోకి కూడా రానివ్వకూడదని ఉంది. చిక్కుడుకు పేను పడితే బూడిద పొద్దున మంచులోనే చల్లాలని ఉంది. గూటి తలుపు తూర్పుకే ఉండాలని, ఎందుకో మాత్రం రాయకుండా, ఉంది.

ఎర్రచుక్క పిల్ల ఒక్కటే మిగిలింది. అది పెట్టో పుంజో మూడు నెలలదాకా తెలియలేదు. అత్తగారు దాన్ని రోజూ పట్టుకుని తురాయి చూసేది. అక్టోబరులో ఒకరోజు, “పెట్టే,” అంది. ఆ ఒక్క మాట అని పప్పు కలుపుకోవడానికి వెళ్ళిపోయింది. ఆ రాత్రి ఆమె రెండోసారి అన్నం వడ్డించుకోవడం చూశాను.

చలి మొదలయ్యాక మా వీధిలో కోళ్ళకు కొక్కెర తెగులు తగిలింది. పశువుల ఆస్పత్రిలో టీకా వేయించాం గానీ అప్పటికే ఆలస్యమైంది. పుంజు పోయింది. పిల్లల్లో నాలుగు పోయాయి. పుంజు మెడ వాల్చిన రోజే అత్తగారు ఎర్రచుక్క పిల్లను ముందుగదిలోకి తెచ్చి, నా పుస్తకాల బీరువా పక్కన గంప కింద మూసింది. పదిహేను రోజులు అక్కడే ఉంది. నేను పేపర్లు దిద్దుతుంటే గంప లోపల గీరుతుండేది. ఇంట్లో ఆ చప్పుడొక్కటే ఉండేది. దానికి అలవాటు పడ్డాను.

డిసెంబరు వచ్చేసరికి చిక్కుడు పందిరి నిండా పాకింది. ఆరు తీగలే. కాయ బాగానే పట్టింది. సిరా చుక్క అవసరం తీరిపోయింది. అత్తగారు తన పెట్టె అడుగునుంచి నీలం పీలిక తీసింది. ఈకల కుప్పలోంచి తీసిందే. ఉతికి మడతపెట్టి ఉంచింది. పెట్టను నన్ను పట్టుకోమని, కాలికి కట్టింది.

కోతపండుగనాడు ఆమె గుడికి రాలేదు. మోకాళ్ళ నొప్పి అంది. చిక్కుడుకాయల బుట్ట ఒక చేత్తో, పెట్టను ఇంకో చేత్తో పట్టుకుని నేనే వెళ్ళాను. బలిపీఠం ముందు పెట్టి నా చోటికి వచ్చి కూర్చున్నాను. పెట్ట రెండుసార్లు అరిచింది. వెనక ఎవరో నవ్వుకున్నారు.

ఆరాధన అయ్యాక ఆవరణలో సంఘపెద్ద ఒకాయన పుస్తకం పట్టుకుని కూర్చున్నాడు. కానుకలు ఎవరివో రాసుకుని, ఆ పేరు చదివి వేలానికి పెడతారు.

“సార్, పెట్టా చిక్కుడుకాయలూ మీవే కదండీ? మీ పేరే రాసెయ్యనా?”

“కాదండి.”

“మరి ఎవరి పేరున రాయమంటారు?”

పదమూడేళ్ళ కాపురంలో నేను నా భార్యను పేరు పెట్టి పిలవలేదు. ఇదిగో అనో, ఏమే అనో పిలిచేవాణ్ణి. మా వైపు చాలామంది అంతే. ఆస్పత్రి చీటీల మీద రాశాను, సమాధి రాయి చెక్కేవాడికి కాగితం మీద రాసిచ్చాను. నోటితో అనాల్సిన అవసరం రాలేదు. ఆ రోజు అన్నాను. ఆయన తలెత్తి చూసి, మళ్ళీ దించి రాసుకున్నాడు.

కాసేపటికి ఆ పేరు అందరికీ వినపడేలా చదివాడు. పెట్టను పైకెత్తి చూపించారు. పీలిక కనబడింది. ఇద్దరు ముగ్గురు పాట పెంచారు. కొంతమంది నా వైపు చూశారు. ఎవరి కానుకను వాళ్ళే పాడుకుని ఇంటికి తీసుకెళ్ళడం మా గుడిలో ఉన్నదే. నేను పాడలేదు. స్టేషన్ రోడ్డులో మిషను కుట్టే దర్జీ పాడుకున్నాడు. పెట్టను చంకలో పెట్టుకుని నా దగ్గరికి వచ్చాడు.

“లేతదేనా సార్? ఇవాళ మా బావమరిది వాళ్ళు దిగుతున్నారు.”

“లేతదే. ఆరు నెలలు నిండలేదు.”

“ఈ గుడ్డ తీసెయ్యొచ్చాండి?”

“తీసెయ్యండి.”

అతను పీలిక విప్పి కింద పడేశాడు. దాన్ని తీసుకుని జేబులో పెట్టుకున్నాను.

ఇంటికి వచ్చేసరికి అత్తగారు పెరట్లో ముక్కాలిపీట వేసుకుని కూర్చుని ఉంది.

“ఎవరు పాడుకున్నారు?”

“దర్జీ.”

“కోసుకుంటాడా?”

“చుట్టాలొస్తున్నారంట.”

“మంచిది,” అంది. మోకాలు రుద్దుకుంటూ, “ఇచ్చేశాక మనదేముంది. కాయలో?”

“పాస్టరమ్మగారు పాడుకున్నారు.”

“ముదురు కాయలేవీ పడలేదు కదా బుట్టలో?”

“లేదండి. చూసే కోశాను.”

ఆమె తలూపి, కొంగు ముడి విప్పి నాలుగు విత్తనాలు నా చేతిలో పెట్టింది. ఎల్లుండి రేపల్లె వెళ్తానంది. ఉండమని నేను అనలేదు. ఉండమంటే ఉండేది కాదు. నీలం పీలిక ఆమెకిచ్చాను. అది మాత్రం పుచ్చుకుంది.

ఆ పెరట్లో ఇంకో నాలుగేళ్ళున్నాను. తొంభైల మొదట్లో మళ్ళీ తెనాలికి బదిలీ అయ్యేదాకా. కొత్త పటం గీయలేదు. ఆ కాగితాన్నే చూసి చేసేవాణ్ణి.

ఆ కోతపండుగ రోజుకు ఇంకా పని మిగిలే ఉంది. వంగ అయిపోయింది, మడి ఖాళీగా ఉంది. కాగితం ప్రకారం కోళ్ళు ఆ నెలలో అందులో ఉండాలి. చొక్కా మార్చుకుని వచ్చి తాటాకు దడిని ముక్కలు ముక్కలుగా ఇటువైపు మోశాను. అత్తగారు పీట మీద నుంచే చెయ్యి చూపిస్తూ చెప్పింది. ఒక పక్క తెరిచి ఉంచాను. తల్లికోడి గుమ్మం దగ్గరికి వచ్చి, ఒక కాలు లోపల పెట్టి ఆగింది. వెనక మిగిలిన రెండు పిల్లలూ ఆగాయి. తర్వాత మూడూ లోపలికి వెళ్ళి గీరడం మొదలుపెట్టాయి. నేను దడి మూశాను.